ఊరి పద్దు ఊరి ముందుండాలి

తెలంగాణ పల్లెలో బొడ్రాయిని ఒకసారి నిలిపితే మళ్లీ కదల్చరు. ఊరికి అదే నడిబొడ్డు, అదే గుర్తు. పాలన కాగితాల్లో మాత్రం ఊరి గుర్తుకు అంత నిలకడ దొరకడం లేదు. శంషాబాద్ విమానాశ్రయానికి పొరుగున, మహేశ్వరం మండలంలో ఉన్న మంఖాల్ సంగతే చూడండి. 2007 ఏప్రిల్ 16న గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ ఏర్పడినప్పుడు పన్నెండు మున్సిపాలిటీలతో పాటు ఎనిమిది గ్రామపంచాయతీలను అందులో కలిపారు. శంషాబాద్, సాతంరాయి, జల్‌పల్లి, మామిడిపల్లి, అల్మాస్‌గూడ, సర్దార్‌నగర్, రావిర్యాలతో పాటు మంఖాల్ కూడా ఆ జాబితాలో ఉంది. ఆ విలీనం నిలవలేదు. ఊరు మళ్లీ పంచాయతీగానే మిగిలింది. 2018 ఆగస్టులో పంచాయతీ పోయి తుక్కుగూడ మున్సిపాలిటీలో భాగమైంది. 2025 డిసెంబర్‌లో ఆ మున్సిపాలిటీ కూడా పోయి, ఊరు తిరిగి గ్రేటర్‌లో కలిసింది.

పద్దెనిమిదేళ్లలో నాలుగు మార్పులు. నాలుగుసార్లూ నిర్ణయం పైనుంచే వచ్చింది. ఊరివాళ్ల ఓటుకు పెట్టి తీసుకున్న నిర్ణయం ఇందులో ఒక్కటీ లేదు. 2025 నవంబర్ 25న రాష్ట్ర మంత్రివర్గం ఔటర్ రింగ్ రోడ్డు లోపల, దాని అంచున ఉన్న 27 పురపాలక సంస్థలను గ్రేటర్‌లో కలపాలని తీర్మానించింది. అందులో 20 మున్సిపాలిటీలు, 7 కార్పొరేషన్లు. వారం రోజుల్లో ఆర్డినెన్స్ వచ్చింది, విలీనం అమల్లోకి వచ్చేసింది. తుక్కుగూడ, శంషాబాద్, జల్‌పల్లి, ఆదిభట్ల అన్నీ ఒక్క కలంపోటుతో మహానగరంలో భాగమయ్యాయి. ఆ వెంటనే మహానగరాన్ని 300 వార్డులుగా విభజించారు. శంషాబాద్ పేరుతో ఒక జోన్ కూడా వచ్చింది.

విలీనం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇప్పుడు పెద్దగా అక్కరకు రాదు. అది జరిగిపోయింది. మంఖాల్ గల్లీలో మోరీ పూడిక తీయించాలా, చెరువు కట్ట మీద దీపాలు పెట్టించాలా, వైకుంఠధామానికి దారి వేయించాలా అన్న నిర్ణయం ఇకముందు ఎక్కడ, ఎవరి ఎదుట, ఏ లెక్క చూసి జరుగుతుందన్నదే తేలాల్సిన విషయం. ఆ లెక్క ఊరి ముందు ఉండాలి. విలీనం మేలు చేసిందా లేదా అన్నది దాన్ని బట్టే తేలుతుంది.

సభ లేని నెలలు

తుక్కుగూడ మున్సిపాలిటీ ఆయుష్షును నెలల్లో లెక్కిస్తే ఒక సంగతి బయటపడుతుంది. 2018 ఆగస్టు నుంచి 2025 నవంబర్ చివరి దాకా అది దాదాపు 88 నెలలు ఉంది. ఎన్నికైన పాలకవర్గం కొలువుదీరింది 2020 జనవరి 27న. దాని ఐదేళ్ల గడువు 2025 జనవరిలో ముగిసింది. అంటే 60 నెలలే కౌన్సిల్ ఉంది. మొదట్లో ఏడాదిన్నర, చివర్లో పది నెలలు, మొత్తం 28 నెలలు ప్రత్యేకాధికారి పాలనే. ఎవరి పేరుతో ఏ పని మంజూరైంది, ఎందుకు ఒక వీధికి రోడ్డు పడి పక్క వీధికి పడలేదు అని నిలదీసేందుకు ఆ 28 నెలల్లో ఒక్క కౌన్సిలర్ కూడా లేడు. మున్సిపాలిటీని రద్దు చేసిన రోజున అవునని గానీ కాదని గానీ తీర్మానం చేయడానికి అక్కడ సభే లేదు.

రాజ్యాంగం ఈ విషయంలో తడబడలేదు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పట్టణ పాలకవర్గాలకు ఐదేళ్ల గడువు పెట్టింది. 243-యు అధికరణం ప్రకారం ఆ గడువు తీరకముందే కొత్త పాలకవర్గానికి ఎన్నికలు పూర్తి కావాలి. మధ్యలో రద్దయితే ఆరు నెలల్లోపు జరగాలి. అహ్మదాబాద్ కార్పొరేషన్‌కు సంబంధించిన కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఇదే మాటను గట్టిగా చెప్పింది. వార్డుల విభజన, ఓటర్ల జాబితా వంటి పనులు ఎన్నికల వాయిదాకు సాకు కాకూడదంది. అయినా ప్రత్యేకాధికారి పాలన మన దగ్గర మామూలు సంగతైపోయింది. ఏ పార్టీ ప్రభుత్వమూ దీనికి మినహాయింపు కాదు.

ఎన్నికైన సభ ఉన్నప్పుడు కూడా ఓటరు మాట పూర్తిగా చెల్లలేదు. 2020 జనవరి 22 నాటి ఎన్నికల్లో తుక్కుగూడలోని 15 వార్డుల్లో తొమ్మిది భారతీయ జనతా పార్టీ గెలిచింది. అయిదు అప్పటి అధికార తెలంగాణ రాష్ట్ర సమితికి దక్కాయి, ఒకటి స్వతంత్రుడికి. చైర్మన్ పీఠం మాత్రం ఎక్స్ అఫీషియో (పదవి రీత్యా వచ్చే) సభ్యుల ఓట్ల బలంతో అధికార పక్షం వైపు వెళ్లింది. అప్పటి రాజ్యసభ సభ్యుడు కె.కేశవరావు అక్కడ ఓటు వేయడంపై అప్పట్లో పెద్ద వివాదమే నడిచింది. చట్టం ఆ ఓట్లను అనుమతిస్తోంది, నిజమే. ఊరి మోరీ, ఊరి దీపం చూసుకోవడానికి ఊరివాళ్లు ఎన్నుకున్న సభలో, ఆ వీధుల్లో ఎన్నడూ ఓటు అడగని సభ్యుల చేతులు లేవడం వల్ల ఫలితం తారుమారు కావడం ఏ పార్టీకి లాభమైనా న్యాయం మాత్రం కాదు. రేపు పార్టీలు తారుమారైతే అదే ఆయుధం ఇంకొకరి చేతిలో ఉంటుంది.

కౌన్సిల్ చేతిలో మిగిలిందెంత?

పాలకవర్గం ఉన్న ఆ 60 నెలల్లో కూడా అది తేల్చగలిగిన విషయాలు ఎన్ని? నేల మీద ఏది కట్టాలన్నది హైదరాబాద్ మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ) మాస్టర్ ప్లాన్ చెబుతుంది. 2008 ఆగస్టులో హుడాను, విమానాశ్రయ ప్రాంతం కోసం పెట్టిన హడాను, మరికొన్ని సంస్థలను కలిపి హెచ్‌ఎండీఏను ఏర్పాటు చేశారు. ఇల్లు ఎంత వెడల్పు, ఎంత ఖాళీ అన్నది 2012 నాటి 168 జీవో చెబుతుంది. ఎత్తు ఎంతన్నది విమానాశ్రయం దగ్గరగా ఉన్నందున ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ నిరభ్యంతర పత్రాన్ని బట్టి ఉంటుంది. తాగునీరు జలమండలి చేతిలోకి వెళ్లింది. చెరువులు, నాలాల ఆక్రమణలు 2024 జూలై నుంచి హైడ్రా పరిధి. మున్సిపల్ బడ్జెట్ మీద 2019 పురపాలక చట్టం కలెక్టర్‌కు పట్టు ఇచ్చింది. జీతాలు, కరెంటు బిల్లులు, పారిశుద్ధ్యం వంటి తప్పనిసరి ఖర్చులతో పాటు బడ్జెట్‌లో పదో వంతు పచ్చదనానికి కేటాయించాలి. నాటిన మొక్కల్లో 85 శాతం బతక్కపోతే కౌన్సిలర్ పదవికే ఎసరు వస్తుందని అదే చట్టం హెచ్చరించింది.

రాబడి సంగతి మరీ చిత్రం. ఈ ప్రాంతంలో భూమికి విలువ తెచ్చింది విమానాశ్రయం, పరిశ్రమలు. 2008 మార్చిలో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం దాదాపు 5,500 ఎకరాల్లో మొదలైంది. రావిర్యాల వైపు 2006లో చిప్‌ల తయారీ కోసం ఫ్యాబ్ సిటీని ప్రకటించారు. అనుకున్న చిప్‌ల కర్మాగారం రాలేదు గానీ ఆ భూముల్లోకి సోలార్, ఎలక్ట్రానిక్స్ కంపెనీలు వచ్చాయి. హార్డ్‌వేర్ పార్క్ వచ్చింది. ఇలాంటి పారిశ్రామికవాడల్లో ఆస్తి పన్ను వసూలు చేసేది రాష్ట్ర పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ టీజీఐఐసీ కింద పనిచేసే ఐలా, అంటే పారిశ్రామికవాడ స్థానిక సంస్థ. అందులో 65 శాతం వాడ నిర్వహణకు ఐలా దగ్గరే ఉంటుంది, 35 శాతం స్థానిక సంస్థకు చేరాలి. లారీల బరువుకు ఊరి రోడ్డు కుంగుతుంది, కార్మికులు ఊళ్లోనే అద్దెకుంటారు, వాళ్ల చెత్త ఊరి బండే ఎత్తాలి. పన్నులో పెద్ద వాటా మాత్రం ప్రహరీ లోపలే ఆగిపోతుంది. ఊరికి రావాల్సిన ఆ 35 శాతం ఏటా ఎంత వచ్చింది, ఎక్కడ ఖర్చయింది అన్నది ప్రతి ఇంటికీ తెలియాల్సిన లెక్క.

ఇన్ని కట్టుబాట్ల మధ్య కౌన్సిల్‌కు మిగిలింది సీసీ రోడ్లు, మోరీలు, వీధి దీపాలు, చెత్త బండ్లు, పార్కులు, శ్మశానాలు, పండుగ ఏర్పాట్లు. చిన్న పనులని తీసిపారేయకూడదు. మనిషి రోజూ తగిలే ప్రభుత్వం ఇదే. విమానాశ్రయం పక్కన ఈ చిన్న పనులకు ఇంకో బరువు కూడా ఉంది. విమాన నియమాలు-1937లోని 91వ నియమం విమానాశ్రయం చుట్టూ పది కిలోమీటర్ల లోపు పక్షుల్ని ఆకర్షించే చెత్త వేయడాన్ని, జంతువుల్ని వధించడాన్ని నిషేధించింది. కోళ్ల దుకాణం వెనక పారబోసిన వ్యర్థం గద్దల్ని రప్పిస్తుంది, గద్దలు రన్‌వే మీదికి వస్తాయి. కాబట్టి మంఖాల్‌లో చెత్త బండి ఒక వారం రాకపోతే అది ముక్కు మూసుకుని నడిచే గల్లీవాళ్ల ఇబ్బందితోనే ఆగదు, వందల మంది ప్రాణాలకు సంబంధించిన విషయం అవుతుంది. అలాంటి పని మీద కన్నేసి ఉంచడానికి ఆ వీధిలో తిరిగే ప్రతినిధి కావాలి. పదిహేను వార్డుల మున్సిపాలిటీలో కౌన్సిలర్ ఇల్లు అందరికీ తెలుసు. కోటికి పైగా జనాభా ఉన్న నగరాన్ని 300 వార్డులు చేస్తే ఒక్కో వార్డులో సగటున ముప్పై వేల మందికి తగ్గరు. ఆ కార్పొరేటర్‌కు ఎంత మంచి మనసున్నా మంఖాల్ చివరి గల్లీ పేరు తెలియకపోవచ్చు.

విలీనం వైపు ఉన్న న్యాయం

ఒకే నగరం కావాలన్న వాదనలో బలం ఉంది. దాన్ని కాదనడం నిజాయితీ అనిపించుకోదు. నీళ్లకు వార్డు సరిహద్దులు తెలియవు. 2020 అక్టోబర్ వానల్లో పల్లెచెరువు, గుర్రం చెరువు కట్టలు తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి. ఎగువన చెరువు శిఖం ఒక సంస్థ చేతిలో, దిగువన నాలా ఇంకో సంస్థ చేతిలో ఉంటే ఏ ఇంజినీరూ మొత్తం వాలును చూడలేడు. ఔటర్ లోపలి సుమారు 2,053 చదరపు కిలోమీటర్లకు ఒకే వాన నీటి ప్రణాళిక, ఒకే చెత్త ప్రణాళిక ఉండటం అవసరం. చిన్న మున్సిపాలిటీకి పెద్ద మురుగు శుద్ధి కేంద్రం కట్టే స్తోమత ఉండదు. అప్పు పుట్టదు, ఇంజినీర్లు దొరకరు. 2024 సెప్టెంబర్‌లో 51 గ్రామపంచాయతీలను చుట్టుపక్కల మున్సిపాలిటీల్లో కలిపినప్పుడు పెద్ద గోల్కొండ, చిన్న గోల్కొండ, బహదూర్‌గూడ వంటి ఊళ్లు శంషాబాద్‌లోకి వచ్చాయి. బాధ్యత పెరిగినంతగా ఆ మున్సిపాలిటీకి శక్తి పెరగలేదు.

పెద్ద సంస్థలో ఉంటే దక్కాల్సిన హక్కులు కూడా ఉన్నాయి. 2021 జనవరి నుంచి గ్రేటర్ పరిధిలో ప్రతి ఇంటికీ నెలకు 20 వేల లీటర్ల తాగునీరు ఉచితం. గ్రేటర్ సరిహద్దు అవతల ఉన్నందుకు శివారు మున్సిపాలిటీల వాళ్లకు ఇన్నాళ్లూ అది అందలేదు. పన్ను విషయంలో గ్రేటర్ పౌరుడితో సమానం చేసే రోజునే నీళ్ల విషయంలోనూ సమానం చేయాలి. పన్ను ముందు వచ్చి సేవ తర్వాతెప్పుడో వస్తే, విలీనం అంటే పెద్ద బిల్లు అనే అర్థం ఊళ్లో స్థిరపడిపోతుంది.

పెద్ద నగరంలో కలవడమంటే పెద్ద వరుసలో చివర నిలబడటమే అవుతుందన్న భయానికి పొరుగునే సాక్ష్యం ఉంది. 2007లోనే బెంగళూరు కూడా ఏడు నగర మున్సిపాలిటీలు, ఒక పట్టణ మున్సిపాలిటీ, 110 గ్రామాలను కలుపుకుని బృహత్ బెంగళూరు అయింది. ఆ 110 గ్రామాల కోసం తలపెట్టిన కావేరి ఐదో దశ నీటి పథకం ప్రారంభమైంది 2024 అక్టోబర్‌లో. నగర పౌరులమని పన్ను కడుతూ పదిహేడేళ్లు ట్యాంకర్ల కోసం ఎదురుచూశారు. 2020 సెప్టెంబర్‌లో గడువు ముగిశాక ఆ మహానగరానికి ఎన్నికైన పాలకవర్గమే లేకుండా పోయింది. చివరికి 2025 సెప్టెంబర్‌లో దాన్ని ఐదు కార్పొరేషన్లుగా విడదీశారు. ఇరవై ఏళ్లు తిరక్కముందే కలిపిన చేతులే విడదీయాల్సి వచ్చిందంటే, హద్దులు ఎటు గీసినా ఊరికి జవాబు చెప్పే ఏర్పాటు లేనప్పుడు లాభం లేదని అర్థం.

కెనడాలోని టొరంటో అనుభవం ఇంకోలా ఉంది. 1997 మార్చిలో ఆరు స్థానిక సంస్థల్లో అభిప్రాయ సేకరణ జరిపితే విలీనాన్ని నాలుగింట మూడు వంతుల మంది వద్దన్నారు. అక్కడి రాష్ట్ర ప్రభుత్వం వినలేదు. 1998 జనవరి 1న ఒకే నగరం చేసింది. ఆ తర్వాతైనా ఒక మంచి ఏర్పాటు నిలిచింది. నగర సభలోని సభ్యులే ప్రాంతాల వారీగా చిన్న సభలుగా కూర్చుంటారు. ఏ వీధిలో బండ్లు ఆపుకోవచ్చు, ఏ చెట్టు కొట్టొచ్చు, ఎవరి కంచె ఎత్తుకు మినహాయింపు ఇవ్వాలి లాంటి విషయాలు ఆ సభల్లోనే, ఆ ప్రాంతం వాళ్లు చెప్పేది విని తేలుస్తారు. నగరం పెద్దదైనా నిర్ణయం గడప దగ్గరే ఉండొచ్చని అది చూపింది.

పోయిన గ్రామసభ

మన చట్టాల్లోనే దానికి పునాది ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం గ్రామసభను రెండు నెలలకోసారి తప్పనిసరి చేసింది. ఓటున్న ఎవరైనా లేచి నిలబడి పంచాయతీ జమాఖర్చు అడగొచ్చు. ఆ చట్టం వచ్చిన కొద్ది నెలలకే మంఖాల్ పంచాయతీ కాకుండా పోయింది. గ్రామసభ బలపడిన ఏడాదే ఊరు దాన్ని పోగొట్టుకుంది. మున్సిపాలిటీలో దానికి బదులుగా 2019 చట్టం వార్డు కమిటీలు పెట్టింది. యువకులు, మహిళలు, పెద్దవాళ్లు, ప్రముఖులు అని నాలుగు కమిటీలు. ఒక్కోదానిలో పదిహేను మంది చొప్పున వార్డుకు అరవై మంది. కాగితం మీద ఇది మంచి ఆలోచన. ఆ అరవై మంది ముందు వార్డు పద్దు పెట్టి, వాళ్ల మాటకు విలువ ఇచ్చి ఉంటే గ్రామసభ లోటు కొంతైనా తీరేది. ఇప్పుడు ఊరు గ్రేటర్ చట్టం కిందికి వెళ్లింది. గ్రామసభ పోయింది, దాని బదులు వచ్చిన కమిటీ కూడా పోతే ఊరికి మిగిలేది ఫిర్యాదు నంబరు ఒక్కటే.

అందుకే ప్రభుత్వం ముందు, గ్రేటర్ అధికారుల ముందు అయిదు విషయాలు ఉంచాలి. ఒకటి, తుక్కుగూడ మున్సిపాలిటీ తుది జమాఖర్చు వార్డు వారీగా బయటపెట్టాలి. రద్దయిన నాటికి ఖాతాలో ఎంత ఉంది, బకాయిలెంత, మంజూరై సగంలో ఆగిన పనులేవి అన్నవన్నీ అందులో ఉండాలి. మిగతా 26 సంస్థల లెక్కలూ అలాగే రావాలి. రెండు, విలీన ప్రాంతాల్లో వసూలయ్యే ఆస్తి పన్నులో కనీస వాటా కొన్నేళ్ల పాటు అక్కడే ఖర్చు చేయాలని చట్టంలో రాయాలి. గ్రేటర్ బడ్జెట్ 2025-26లోనే రూ.8,440 కోట్లు. అంత పెద్ద చెరువులో ఒక ఊరి చెంబెడు నీళ్లు ఎటు పోయాయో రాత లేకపోతే ఎవరూ కనిపెట్టలేరు. మూడు, ఐలా నుంచి రావాల్సిన 35 శాతం ఏ వాడ నుంచి ఎంత వచ్చిందో ఏటా ప్రకటించాలి. నాలుగు, టొరంటో తరహాలో సర్కిల్ స్థాయి సభలకు స్థానిక పనుల మీద నిర్ణయాధికారం ఇవ్వాలి. వార్డు కమిటీలను కాగితం మీదే వదిలేయకుండా పని చేయించాలి. అయిదు, 2026 ఫిబ్రవరి 10 దాకానే గడువున్న గ్రేటర్ పాలకవర్గం స్థానంలో కొత్తది ఎప్పుడు ఎన్నికవుతుందో తేదీ చెప్పాలి. ప్రత్యేకాధికారి పాలన మంఖాల్‌కు మున్సిపాలిటీ రోజుల్లోనే 28 నెలలు దక్కింది. ఇంకా పొడిగించడం అన్యాయం.

ఇందులో కొత్త ఖర్చు ఏదీ లేదు. లెక్క చెప్పడానికి డబ్బు అక్కర్లేదు, సమ్మతి ఉంటే చాలు. తుక్కుగూడ, కొంగరకలాన్ మైదానాల్లో పెద్ద పార్టీలు లక్షల మందితో సభలు పెట్టాయి. 2018 సెప్టెంబర్‌లో కొంగరకలాన్‌లో ప్రగతి నివేదన సభ జరిగింది. 2023 సెప్టెంబర్ 17న తుక్కుగూడలోనే ఆరు గ్యారంటీల ప్రకటన జరిగింది. రాష్ట్రం మొత్తానికి మాట ఇచ్చిన నేల ఇది. ఆ నేల మీది ఊళ్లకు తమ సొంత పన్ను లెక్క వినే సభ ఒక్కటి ఇంతవరకు బాకీ ఉంది.

ఆ సభ పెట్టడానికి మైదానం అక్కర్లేదు. ఊళ్లో నలుగురు కూర్చునే చోట ఒక బల్ల వేసి, అధికారి ఆ పద్దు విప్పి, పైసా పైసా గట్టిగా చదివితే చాలు. మంఖాల్ మహానగరంలో చేరిన మొదటి రోజు అదే అవుతుంది.